బ్యాండ్‌సా గీత తప్పుతోందంటే ముందు బ్లేడు చూడండి

మీరు అడిగిన విషయం ఇదీ: 14 అంగుళాల చక్రాలున్న బ్యాండ్‌సా, అంటే రెండు చక్రాల మీద పట్టీలా తిరిగే బ్లేడుతో కోసే రంపం, సెకండ్ హ్యాండ్‌లో తీసుకున్నారు, దాంతో పాటు వచ్చిన పావంగుళం వెడల్పు, అంగుళానికి 10 పళ్ల బ్లేడుతో ఐదంగుళాల మందం ఉన్న గట్టి చెక్కని పలకలుగా చీల్చబోతే కోత గీత మీద నిలవడం లేదు, పొగ వస్తోంది, గట్టిగా తోయాల్సి వస్తోంది. ఏ బ్లేడు కొనాలి, గ్లోవ్స్ వేసుకోవాలా, టేబుల్ సా (టేబుల్ మధ్యనుంచి గుండ్రటి బ్లేడు పైకి వచ్చే రంపం) కంటే ఇది భద్రమే కదా అని మూడు ప్రశ్నలు. మూడింటికీ కలిపే జవాబు చెబుతాను, ఎందుకంటే ఇవి ఒకదానికొకటి ముడిపడి ఉన్నవే.

మీరు రాసిన దాంట్లో నాకు అన్నిటికంటే కంగారు పుట్టించిన మాట ‘గట్టిగా తోయాల్సి వస్తోంది’ అన్నది. బ్యాండ్‌సా మీద గట్టిగా తోయాల్సి వస్తే ఏదో తేడాగా ఉందని అర్థం, అక్కడే ఆపేయాలి. కోత చివరి అంగుళం దగ్గర ఏం జరుగుతుందో చూడండి. అప్పటిదాకా చెక్క బ్లేడుకి ఎదురు నిలుస్తూ ఉంటుంది, మీ భుజాల బలమంతా దాని మీద ఉంటుంది. చెక్క తెగిన క్షణాన ఆ ఎదురు ఒక్కసారిగా పోతుంది, మీ బలం మాత్రం అలాగే ఉంటుంది, చేతులు రెండూ ముందుకి దూకుతాయి. ఆ ముందున్నది బ్లేడు. పైగా ఐదంగుళాల చెక్క కోయడానికి గైడు (బ్లేడు పక్కకి కదలకుండా పట్టి ఉంచే భాగం) పైకెత్తి ఉంచారు కాబట్టి చెక్క దాటిపోగానే ఐదంగుళాల పొడవున పళ్లు బయటపడి తిరుగుతూ ఉంటాయి. సరైన బ్లేడు ఉంటే చెక్క వేళ్ల ఒత్తిడికే నెమ్మదిగా ముందుకి పోతుంది, చివర్లో దూకడానికి చేతుల్లో అంత బలం పెట్టి ఉండరు. అందుకే బ్లేడు ఎంపికని నేను నాణ్యత విషయంగా కంటే ముందు భద్రత విషయంగా చూస్తాను.

ఇప్పుడు మీ బ్లేడు ఎందుకు పొగలు కక్కుతోందో చెబుతాను. రెండు పళ్ల మధ్య ఉన్న గుంటలోనే ఆ పన్ను కోసిన పొట్టు కూర్చుంటుంది, చెక్క అడుగునుంచి బయటికి వచ్చాకే అది ఖాళీ అవుతుంది. ఐదంగుళాల మందంలో ప్రతి పన్నూ ఐదంగుళాల దారి పొడవునా పొట్టు పోగేసుకుంటూ రావాలి. అంగుళానికి 10 పళ్లంటే ఒకేసారి 50 పళ్లు చెక్కలో ఉంటాయి, ఒక్కో గుంట చాలా చిన్నది, సగం దారిలోనే నిండిపోతుంది. గుంట నిండాక పన్ను కోయలేదు, ఒరుసుకుంటుంది. ఒరిపిడికి వేడి పుడుతుంది, వేడికి బ్లేడు సాగి వదులవుతుంది, మీరు వెనకనుంచి తోస్తూనే ఉంటారు కాబట్టి పావంగుళం బ్లేడు విల్లులా వంగి పక్కకి తప్పుకుంటుంది. కోసిన పలకని నిలబెట్టి చూడండి, పైన కింద సరిగ్గా ఉండి మధ్యలో ఉబ్బినట్టో లోపలికి పోయినట్టో ఉంటే కారణం ఇదే.

పళ్ల లెక్కకి గుర్తుపెట్టుకోవలసింది ఇంతే: ఎప్పుడూ కనీసం 3 పళ్లు చెక్కలో ఉండాలి, 6 నుంచి 12 ఉంటే బాగా కోస్తుంది, 24 దాటితే గుంటలు నిండిపోవడం మొదలవుతుంది. అంగుళానికి ఎన్ని పళ్లో చెప్పే అంకెనే బ్లేడు పెట్టె మీద టీపీఐ అని వేస్తారు. మీ ఐదంగుళాల చెక్కకి 3 టీపీఐ వేస్తే 15 పళ్లు లోపల ఉంటాయి, మంచిదే. 2 టీపీఐ ఇంకా తేలిగ్గా పోతుంది, కోత ముఖం మాత్రం గరుకుగా వస్తుంది, ఎలాగూ తర్వాత చిత్రిక పడతారు కాబట్టి పర్వాలేదు. దీనికి వ్యతిరేకం కూడా అంతే ప్రమాదం. 3 టీపీఐ బ్లేడు ఉందికదా అని పావంగుళం ప్లైవుడ్ పెట్టారనుకోండి, ఒక్క పన్ను కూడా పూర్తిగా లోపల ఉండదు, పన్నుకి పన్నుకి మధ్య ఉన్న సందులోకి ప్లైవుడ్ అంచు దూరి గుంజుకుంటుంది, ముక్క ఎగిరెగిరి టేబుల్‌కి కొట్టుకుంటుంది, అంచు చిట్లుతుంది, పన్ను విరగవచ్చు కూడా. పలచటి ప్లైవుడ్‌కి 10 నుంచి 14 టీపీఐ పెట్టుకోవాలి. అంటే మీ దగ్గరున్న బ్లేడు పనికిరానిదేం కాదు, పదును ఉంటే పలచటి ముక్కల్లో వంపులు కోయడానికి దాచుకోండి.

వెడల్పు సంగతి. బ్లేడు ఎంత వెడల్పు ఉంటే వెనకనుంచి వచ్చే ఒత్తిడికి అంత వంగకుండా నిలబడుతుంది, నేరుగా పోతుంది. ఎంత సన్నగా ఉంటే అంత చిన్న వంపు తిరుగుతుంది. పావంగుళం బ్లేడు సుమారు 16 మిల్లీమీటర్ల వ్యాసార్ధం దాకా తిరుగుతుంది, 3/8 అంగుళం బ్లేడుకి దాదాపు 38 కావాలి, అరంగుళానికి 64, ముప్పావంగుళానికి 140 దగ్గర. అంతకంటే చిన్న వంపు తిప్పబోతే బ్లేడు మెలితిరుగుతుంది, వీపు చెక్కకి ఒరిసి కాలుతుంది, గైడ్ల మధ్యనుంచి జారి చక్రం మీదనుంచి ఊడిపోవచ్చు. వంపు మరీ చిన్నదైతే ముందు బయటి అంచునుంచి గీత దాకా అక్కడక్కడా నేరు కోతలు పెట్టుకోండి, అప్పుడు గీత వెంట వస్తుంటే పనికిరాని ముక్కలు ఒక్కొక్కటే రాలిపోతాయి, బ్లేడుకి తిరగడానికి చోటు దొరుకుతుంది.

చీల్చే పనికి వెడల్పు బ్లేడు మంచిదన్నాను కదా అని ముప్పావంగుళం కొనేయకండి. 14 అంగుళాల మిషన్లకి ముప్పావంగుళం దాకా పడుతుందని కాగితం మీద రాసి ఉంటుంది, పట్టడం వేరు, దానికి కావలసినంత టెన్షన్ ఇవ్వగలగడం వేరు. ఆ సైజు ఫ్రేములు, స్ప్రింగులు చాలావరకు అంత బిగువు తట్టుకోలేవు. వదులుగా ఉన్న ముప్పావంగుళం కంటే బాగా బిగిసిన అరంగుళం చాలా నేరుగా పోతుంది. మందం కూడా చూడండి. బ్లేడు ప్రతి చుట్టుకీ రెండు చక్రాల మీద వంగి మళ్లీ నిటారు అవుతుంది, మందం ఎక్కువైతే ఆ వంగడానికే అలిసి గుంటల అడుగున చీలికలు వస్తాయి. 14 అంగుళాల చక్రాలకి 0.025 అంగుళం, అంటే సుమారు 0.6 మిల్లీమీటర్లు, అంతకు మించకుండా ఉంటే మంచిది. 0.035 బ్లేళ్లు పెద్ద చక్రాలకి.

పళ్ల ఆకారాలు మూడు రకాలుగా దొరుకుతాయి. రెగ్యులర్ అంటే పళ్లు దగ్గరదగ్గరగా నిటారుగా ఉంటాయి, సన్న పనికి, నునుపు కోతకి. స్కిప్ అంటే అదే నిటారు పన్ను, కాకపోతే మధ్యలో ఎడం ఎక్కువ, మెత్తని చెక్కకి, జిగురు కారే చెక్కకి, ప్లాస్టిక్‌కి బావుంటుంది. హుక్ అంటే పన్ను ముందుకి సుమారు 10 డిగ్రీలు వంగి ఉంటుంది, గుంట లోతుగా ఉంటుంది, చెక్కని తనే కొరుక్కుంటూ పోతుంది కాబట్టి మీరు తోయాల్సిన పని తగ్గిపోతుంది. మందం చెక్కలు చీల్చడానికి ఇదే. మీకు కావలసింది అరంగుళం వెడల్పు, 3 టీపీఐ, హుక్ పళ్లు, 0.025 మందం. లోహం విషయానికొస్తే మామూలు కార్బన్ స్టీలుతో మొదలుపెట్టండి. బైమెటల్ బ్లేడులో వీపు సాగే గుణం ఉన్న స్టీలు, పళ్ల కొసలు హైస్పీడ్ స్టీలు, పదును చాలా ఎక్కువ కాలం నిలుస్తుంది, ధర కూడా దానికి తగ్గట్టే. కార్బైడ్ పళ్లవి ఇంకా మేలు, కానీ మిషను సెట్టింగ్ చేతికి వచ్చేదాకా ఆ ఖర్చు పెట్టకండి. పాత చెక్కలో కనపడని మేకు ఒక్కటి తగిలితే ఏ బ్లేడైనా పాడవుతుంది. పాత దూలాలు, తలుపు చెక్కలు కోసే ముందు అయస్కాంతమో మెటల్ డిటెక్టరో పెట్టి ఒకసారి అంతా తడమండి.

పొడవు ఎంత కావాలో తెలియకపోతే చక్రం వ్యాసాన్ని 3.14తో గుణించి, రెండు చక్రాల ఇరుసుల మధ్య దూరానికి రెట్టింపు దానికి కలపండి. దూరం కొలిచేటప్పుడు టెన్షన్ స్క్రూ మధ్యస్థంగా ఉండాలి. ఈ సైజు మిషన్లు చాలావాటికి 93.5 అంగుళాల బ్లేడు పడుతుంది, అయినా మీది మీరు కొలుచుకోండి, సెకండ్ హ్యాండ్ మిషనుకి ఎవరో పైన ఎత్తు పెంచే దిమ్మె బిగించి ఉండవచ్చు.

కొత్త బ్లేడు వచ్చాక దాని అతుకుని చూడండి. బ్యాండ్‌సా ఆలోచన 19వ శతాబ్దం మొదట్లోనే ఉంది, ఇంగ్లండ్‌లో విలియం న్యూబెరీ దానికి పేటెంట్ కూడా తీసుకున్నాడు, కానీ వంగుతూ తిరుగుతూ ఉన్నా తెగని అతుకు వేయడం ఎవరికీ చేతకాక దశాబ్దాలపాటు ఆ రంపం పనికి రాలేదు. 1846లో ఆన్ పోలిన్ క్రెపాఁ అనే ఫ్రెంచి మహిళ అతికే పద్ధతి కనిపెట్టాకే అది కార్ఖానాల్లోకి వచ్చింది. ఇప్పటికీ బ్లేడులో అన్నిటికంటే బలహీనమైన చోటు అదే. మిషను ఆపి ఉన్నప్పుడు అతుకు వెనక భాగాన వేలు పెట్టి చూడండి, మెట్టులా తగలకూడదు. మెట్టు ఉంటే తిరిగేటప్పుడు, బ్లేడు వెనక్కి పోకుండా ఆపే వెనక బేరింగ్‌కి ప్రతి చుట్టులో ఒకసారి కొట్టుకుంటుంది, టక్ టక్ అని వినిపిస్తుంది, అలాంటి బ్లేడుని వెనక్కి ఇచ్చేయండి.

బ్లేడు మూడు చుట్లుగా మడిచి వస్తుంది, కట్టు విప్పగానే స్ప్రింగులా విచ్చుకుంటుంది. గ్లోవ్స్ వేసుకోవలసింది ఇక్కడే, కళ్లద్దాలు కూడా. చేతిని చాచి, ముఖం పక్కకి తిప్పుకుని, చుట్టూ మనుషులు లేకుండా చూసుకుని విప్పండి. మిషను తిరుగుతున్నప్పుడు మాత్రం గ్లోవ్స్ వద్దేవద్దు. పళ్లు చర్మానికి తగిలితే తెగుతుంది, గ్లోవ్ గుడ్డకి తగిలితే దాన్ని పట్టుకుని చేతిని మొత్తం టేబుల్ వైపు లాగుతాయి. ఉంగరాలు, వాచీ, వేలాడే చొక్కా చేతులు, చున్నీ, విడిచిన జుట్టు, అన్నిటికీ ఇదే వర్తిస్తుంది.

ఇక బిగించే క్రమం. ప్లగ్ పీకండి, స్విచ్ ఆపితే చాలదు. టెన్షన్ వదులు చేసి పాత బ్లేడు తీయండి, పైన కింద గైడ్లు, వెనక బేరింగులు అన్నీ వెనక్కి జరిపేయండి. రెండు చక్రాల రబ్బరు మీద పేరుకున్న పొట్టు, జిగురు గీకి తుడవండి, కింది చక్రం మీద గడ్డకట్టిన పొట్టు వల్లే బ్లేడు ఊగే మిషన్లు బోలెడు. బ్లేడు వేసేటప్పుడు టేబుల్ దగ్గర పళ్లు కిందికి, మీ వైపుకి చూడాలి. పైకి చూస్తుంటే బ్లేడు లోపలి భాగం బయటికి తిరిగి ఉందన్నమాట, తీసి తిరగేయండి. కొంచెం బిగించి, పై చక్రాన్ని చేత్తో తిప్పుతూ ట్రాకింగ్ నాబ్‌తో (పై చక్రం వాలుని మార్చే మర) బ్లేడుని చక్రం మధ్యకి తెచ్చుకోండి, తర్వాత పూర్తి టెన్షన్ ఇచ్చి మళ్లీ తిప్పి చూడండి, ఎందుకంటే టెన్షన్ మారితే ట్రాకింగ్ కూడా మారుతుంది. మిషను మీదున్న టెన్షన్ స్కేలుని నేను పెద్దగా నమ్మను, పాత స్ప్రింగులు అలిసిపోయి ఉంటాయి. గైడుని టేబుల్‌కి ఆరంగుళాల ఎత్తులో పెట్టి, బ్లేడు పక్క భాగాన్ని ఒక వేలితో ఓ మోస్తరుగా నొక్కితే పావంగుళం మించి కదలకూడదు. చీల్చే పనికి ఇంకొంచెం బిగువే మంచిది.

గైడ్లు ఆఖర్న. పక్క గైడ్లకీ బ్లేడుకీ మధ్య ఒక కాగితం పట్టేంత సందు, అవి పళ్ల గుంటలకి కాస్త వెనకే ఆగాలి, ముందుకొస్తే పళ్ల వంపుని, అంటే పళ్లని కుడికీ ఎడమకీ కొద్దిగా వంచి ఉంచిన తీరుని, చెరిపేస్తాయి. ఆ వంపు పోయిందంటే కోత బ్లేడు మందం కంటే వెడల్పుగా రాదు, బ్లేడు చెక్కలో బిగుసుకుంటుంది, ఒకవైపే పోతే ఆ బ్లేడు జన్మలో నేరుగా కోయదు. వెనక బేరింగ్ అర మిల్లీమీటరు దూరంలో ఉండాలి, ఊరికే తిరిగేటప్పుడు తగలకూడదు, కోసేటప్పుడు మాత్రమే తగలాలి. టేబుల్ కింద కూడా ఇదే సెట్ ఉంటుంది, వంగి చూడటం బద్ధకమై దాన్ని వదిలేసేవాళ్లే ఎక్కువ. దయచేసి వదలకండి, సగం గీత తప్పడం అక్కడే. మూలమట్టం పెట్టి టేబుల్ బ్లేడుకి 90 డిగ్రీలు ఉందో లేదో చూసి, తలుపులు మూసి, అప్పుడు ప్లగ్ పెట్టండి.

టేబుల్ సా కంటే భద్రమా అంటే, ఒక్క విషయంలో అవును. దీని బ్లేడు నేరుగా కిందికి పోతుంది కాబట్టి చెక్కని టేబుల్‌కి అదిమిపెడుతుంది, వెనక్కి మీ మీదికి విసరదు. ఆ ఒక్క కారణంతో దీన్ని మెత్తని మిషను అనుకుంటారు, నాకు అది అస్సలు నచ్చదు. ఇది నిశ్శబ్దంగా తిరుగుతుంది, స్విచ్ ఆపాక కూడా చక్రాల బరువుకి చాలాసేపు తిరుగుతూనే ఉంటుంది, పళ్లు కనపడనంత వేగంలో ఆగినట్టే ఉంటుంది. చెక్క మిషను బ్లేడు నిమిషానికి దాదాపు 3000 అడుగుల వేగంతో పోతుంది. (ఆ వేగంలో ఇనుము పెట్టకండి, స్టీలుకి 300 అడుగుల లోపు వేగం కావాలి, అందుకు వేరే మిషన్లున్నాయి.) ఆగిందని కళ్లతో నిర్ధారించుకునేదాకా టేబుల్ మీది ముక్కలు చేత్తో తీయకండి, తిరుగుతుండగా ఇరుక్కున్న ముక్క కోసం వేలు పెట్టకండి.

గైడుతో పాటే గార్డు కూడా కిందికి దిగుతుంది, దాన్ని చెక్కకి 3 నుంచి 6 మిల్లీమీటర్ల పైన ఆపండి. పైకెత్తి వదిలేస్తే అనవసరంగా పళ్లు బయట ఉంటాయి, బ్లేడుకి పట్టు కూడా తగ్గుతుంది. చేతులు బ్లేడు గీతకి ఎప్పుడూ చెరో పక్కన ఉండాలి, గీతకి ఎదురుగా బొటనవేలు పెట్టి తోయడం అలవాటు చేసుకోకండి. చివరి మూడంగుళాలు తోసే కర్రతోనే. చిన్న ముక్క అయితే దాన్ని క్లాంపులో బిగించి గానీ పెద్ద చెక్కకి అతికించి గానీ కోయండి.

చెక్క టేబుల్‌కి ఆనుకోకుండా గాల్లో ఉన్న చోట కోయడం ఎప్పుడూ చేయకండి. బ్లేడు కిందికి లాగుతుందని చెప్పాను కదా, ఖాళీ ఉంటే అంత బలంతో చెక్కని టేబుల్‌కి కొడుతుంది, చెయ్యి మధ్యలో ఉంటే నలిగిపోతుంది. గుండ్రటి కర్ర ఇంకా ఘోరం, పన్ను తగలగానే గిర్రున దొర్లి వేళ్లని బ్లేడు మీదికి తీసుకెళుతుంది. అడ్డంగా కోసేటప్పుడు వీ ఆకారపు గాడి చెక్కిన దిమ్మెలో పెట్టి కోయండి, దుంగని నిలువునా చీల్చాలంటే చదునైన పలక మీద స్క్రూలతో బిగించి ఆ పలకతో సహా తోయండి.

మీ పనిలో ఇంకో రెండు జాగ్రత్తలు. చీల్చే చెక్కకి ముందు ఒక ముఖం, ఒక అంచు చదును చేసుకోండి, ఊగే చెక్కని ఏ బ్లేడూ నేరుగా కోయదు. కొత్త బ్లేడు కూడా ఒక్కోసారి ఫెన్సుకి (చెక్కని ఆనించి తోసే అడ్డుపట్టీకి) సమాంతరంగా కాక ఒకవైపుకి పోతుంటుంది. ఒక పనికిరాని పలక మీద అంచుకి సమాంతరంగా గీత గీసి, ఫెన్సు లేకుండా గీత మీదే నిలిచేలా చేత్తో కోసి, సగంలో పలకని అలాగే పట్టుకుని మిషను ఆపండి. పలక ఎంత వాలుగా ఉందో ఫెన్సుని అంత వాలుగా పెట్టుకుంటే సరి. అలాగే సగం కోసిన చెక్కని తిరుగుతున్న బ్లేడు మీదనుంచి వెనక్కి లాగకండి, చెక్కతో పాటు బ్లేడూ చక్రం మీదనుంచి ముందుకి వచ్చేస్తుంది. ఆపి, ఆగాక, నిదానంగా లాగండి.

చెవులు పెట్టుకుని పనిచేయండి. అప్పటిదాకా లేని టిక్ టిక్ శబ్దం మొదలైతే వెంటనే ఆపేయండి. ప్లగ్ పీకి, తలుపు తీసి, గ్లోవ్ వేసుకుని బ్లేడుని వెలుతురులో కొంచెం కొంచెంగా తిప్పుతూ గుంటల అడుగులు చూస్తే వెంట్రుకంత నల్ల గీత కనిపిస్తుంది, మెల్లగా వంచితే అది తెరుచుకుంటుంది. ఆ బ్లేడు పని అయిపోయింది, ఇంకో కోతకి కూడా పెట్టకండి. తిరుగుతుండగా తెగితే తుపాకి పేలినట్టు శబ్దం వస్తుంది. చెక్క వదిలేసి, స్విచ్ ఆపి వెనక్కి తప్పుకోండి, చక్రాలు పూర్తిగా ఆగేదాకా తలుపు తీయకండి. మిషను కుడి పక్కన ఎవరినీ నిలబడనివ్వకండి, తెగిన ముక్క ఆ వైపు బయటికి రావచ్చు.

పొట్టు గురించి కూడా చెప్పాలి. చెక్క పొట్టు క్యాన్సర్ కలిగించేదని అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ 1995లోనే వర్గీకరించింది. చీల్చేటప్పుడు వచ్చే సన్నని పొట్టు గాల్లో చాలాసేపు ఉంటుంది, మంచి మాస్కు వేసుకోండి, గుడ్డ కట్టుకుంటే ఆగదు. కుదిరితే కింది తలుపు దగ్గర వాక్యూమ్ గొట్టం తగిలించండి.

పని అయ్యాక టెన్షన్ వదులు చేయండి, చక్రాల రబ్బరు మీద పల్లం పడకుండా ఉంటుంది. వదులు చేశానని ఒక చీటీ రాసి స్విచ్ మీద అంటించుకోండి, మర్చిపోయి ఆన్ చేస్తే బ్లేడు ఊడిపోతుంది.

ముందు ఆ పావంగుళం బ్లేడు తీసి, నేను చెప్పిన అరంగుళం వేసి, రెండంగుళాల మందం చెక్క మీద ప్రయత్నించండి, నేరుగా ఐదంగుళాలకి పోకండి. అప్పటికీ గీత తప్పుతుంటే ప్రతిసారీ ఒకే వైపు పోతోందా, లేక ఒకసారి ఇటూ ఒకసారి అటూ పోతోందా చూసి రాయండి. ఒకే వైపైతే పళ్లో ఫెన్సో చూడాలి, అటూ ఇటూ అయితే టెన్షనో గైడ్లో.